చిన్న కుక్కను పాము కరిస్తే: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుడి జవాబులు

ప్రశ్న: మాది రాయగడ జిల్లాలో గుణుపురం దగ్గరి పల్లె. ఊరు ఒడిశాలో ఉన్నా మా ఇళ్లలో మాట తెలుగే. నాలుగేళ్లుగా పెంచుకున్న పొమేరియన్ కుక్క మాకుండేది, 4 కిలోలకు మించని బరువు. కిందటి శ్రావణంలో ఒక రాత్రి పెరట్లో కట్టెల మోపు దగ్గర గట్టిగా మొరిగి, కాసేపటికి మూతి వాచిపోయి లోపలికి వచ్చింది. మా వారు టార్చి వేసి చూసేసరికి ఒంటినిండా పెద్ద పెద్ద పొడలున్న లావుపాటి పాము కట్టెల కిందికి దూరుతోంది. ఇరుగుపొరుగువారు మెడ దగ్గర గుడ్డతో బిగించి కట్టమన్నారు. గుణియా వచ్చి మంత్రించి, పసరు పోసి వెళ్లాడు. తెల్లవారాక మందుల షాపులో అడిగితే వాపు తగ్గడానికని ఒక ఇంజెక్షన్ ఇచ్చారు. మధ్యాహ్నానికి చిగుళ్ల నుంచి రక్తం కారి కుక్క చనిపోయింది. ఇప్పుడు పిల్లలు మరో కూనను తెచ్చుకున్నారు. మళ్లీ అలాంటిది జరిగితే మొట్టమొదట ఏం చేయాలి? కుక్కలకు వేరే విరుగుడు మందు ఉంటుందా? చిన్న కుక్క కాబట్టి కొంచెం మందు సరిపోతుందా? మాకు పర్లాకిమిడికీ వెళ్లవచ్చు, పార్వతీపురానికీ వెళ్లవచ్చు. ఎటు వెళ్లడం మంచిది? (ఒక పాఠకురాలు, గుణుపురం)

జవాబు: మీరు చూసిన పొడలు, వెంటనే వచ్చిన వాపు, ఆ తర్వాత చిగుళ్ల నుంచి కారిన రక్తం, ఈ మూడింటినీ కలిపి చూస్తే అది రక్తపింజర కాటేనని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలన్నింటినీ ఆ పాము విషం కొద్ది గంటల్లోనే ఖర్చు చేసేస్తుంది. ఆ పైన చిన్న గాయం నుంచి కూడా రక్తం ఆగకుండా కారుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. దీనికి మందు ఒక్కటే, యాంటీ స్నేక్ వెనమ్ అనే విరుగుడు. వాపు తగ్గడానికని ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ గానీ, అలర్జీకి వాడే మందు గానీ ఒంట్లో ఉన్న విషాన్ని తగ్గించలేవు. వాపు కాస్త మెత్తబడినట్లు కనిపించి, ఇంటివారికి ధైర్యం కలిగించి, ఆసుపత్రికి బయలుదేరే వేళను వెనక్కి నెట్టడమే అవి చేసే అసలు నష్టం.

కుక్కలకంటూ ప్రత్యేకంగా తయారయ్యే విరుగుడు మన దేశంలో లేదు, మనుషులకు వాడేదే వాటికీ ఇస్తాం. గుర్రాలకు పాము విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కిస్తూ, వాటి రక్తంలో పుట్టిన ప్రతిరక్షకాలను వేరు చేసి ఈ మందును తయారు చేస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే 4 పాముల విషాలకూ ఒకే సీసా పనిచేస్తుంది. మీ మూడో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఈ మందులో ఒక మిల్లీలీటరు 0.6 మిల్లీగ్రాముల నాగుపాము విషాన్ని గానీ, అంతే మోతాదు రక్తపింజర విషాన్ని గానీ, 0.45 మిల్లీగ్రాముల కట్లపాము లేదా చిన్న పింజర విషాన్ని గానీ నిర్వీర్యం చేసేలా కొలిచి తయారవుతుంది. కొలత విషానిదే తప్ప రోగి బరువుది కాదు. పాము ఎదురుగా ఉన్నది 40 కిలోల వేటకుక్కా, 4 కిలోల పొమేరియనా అని చూసి విషం వదలదు. అందువల్ల చిన్న కుక్కకు తక్కువ మందు చాలుననుకోవడం పొరపాటు. నిజానికి పరిస్థితి అందుకు తలకిందులుగా ఉంటుంది. 4 కిలోల కుక్క ఒంట్లో ఉండే రక్తమంతా కలిపినా సుమారు 350 మిల్లీలీటర్లే. పెద్ద కుక్క ఒంట్లో పలచబడిపోయే విషం ఇంత చిన్న ఒంట్లో చిక్కగా నిలిచి, త్వరగా పైకి తేలుతుంది. పసిపిల్లలకు కూడా పెద్దవారితో సమానంగానే విరుగుడు ఇవ్వడానికి కారణం ఇదే. ఒక సీసా ఎక్కించి, చిన్న ప్రాణికి ఇది చాలునని ఎవరైనా అంటే, ఏ లక్షణాన్ని చూసి చాలునంటున్నారో మర్యాదగానే అడగండి.

ఇక మొదటి పది నిమిషాల సంగతి. కుక్కను పాముకు దూరంగా తీసి, వెంటనే మెడపట్టీ విప్పేయండి. పామును చూసిన కుక్క మూతి ముందుకు చాపి మొరుగుతుంది కాబట్టి కాటు ఎక్కువగా మూతి మీదా, ముందుకాళ్ల మీదా పడుతుంది. మూతి నుంచి వాపు గొంతుకు దిగితే మెడపట్టీయే ఉరితాడవుతుంది. పగ్ లాంటి పొట్టిముక్కు జాతులకు ఊపిరి మామూలుగానే కష్టం కనుక వాటి విషయంలో మరింత తొందరపడాలి. కుక్కను నడవనివ్వకండి. కండరాలు ఆడినకొద్దీ విషం త్వరగా ఒంట్లోకి పాకుతుంది. చిన్న కుక్కతో ఉన్న ఒకే ఒక్క సుగుణం దాన్ని ఎత్తుకుని పోగలగడం. తువ్వాలు పరిచిన గంపలోనో, అట్టపెట్టెలోనో పడుకోబెట్టి, మోటారు సైకిలు వెనక కూర్చున్నవారు ఒళ్లో పెట్టుకుంటే చాలు. నొప్పితో అది మిమ్మల్నే కరవవచ్చు కాబట్టి తువ్వాలులో వదులుగా చుట్టి పట్టుకోండి, కానీ వాచిన మూతిని మాత్రం కట్టకండి. అది మిమ్మల్ని కరిస్తే గాయాన్ని సబ్బు నీళ్లతో 15 నిమిషాలపాటు కడిగి, మీరు కూడా రేబిస్ టీకా కోసం వైద్యుణ్ణి కలవాలి.

గుడ్డతో బిగించి కట్టడం వల్ల విషం ఆగదు. కట్టు కింద రక్తప్రసరణ నిలిచి కండ కుళ్లిపోతుంది, కట్టు విప్పిన క్షణంలో విషం ఒక్కసారిగా పైకి వస్తుంది. మెడకు కట్టడమైతే ఊపిరి తీయడమే. కాటును బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, మంచుముక్క పెట్టడం, పసుపు, సున్నం రాయడం, రాయి అంటించడం, ఇవేవీ పనిచేయవు. రక్తం గడ్డకట్టని కుక్కకు బ్లేడు గాటు పెట్టడమంటే మరో చిల్లి చేయడమే. నోట్లో పసరు, పాలు, నెయ్యి పోస్తే మింగే శక్తి తగ్గిన కుక్కకు అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

గుణియా మంత్రంతో బతికిన కుక్కలను మీ ఊళ్లో చాలామంది చూసి ఉంటారు, వారి మాటను అబద్ధమని నేను అనను. మన చుట్టూ తిరిగే పాముల్లో విషం లేనివే ఎక్కువ. జెర్రిపోతు, నీరుకట్టె కరిస్తే మంత్రం వేసినా, వేయకపోయినా కుక్క బతుకుతుంది. విషపు పాములు సైతం కొన్నిసార్లు విషం వదలకుండా ఉత్తి కాటు వేస్తాయి. ఆ బతికిన లెక్కంతా మంత్రం ఖాతాలోకి పోతుంది. పాముకాటు మందుల పేరున్నవాటిని పరీక్షించి చూడడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. గంజాం, విశాఖపట్నం రెండూ మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న రోజుల్లో, 18వ శతాబ్దం చివర, విశాఖపట్నంలో పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు కుక్కల మీద, కోళ్ల మీద విషాన్ని ప్రయోగించి లక్షణాలను రాసిపెట్టాడు. ఆ కాలంలో ఎంతో పేరున్న తంజావూరు మాత్రను కూడా పరీక్షించి, అది పనిచేయదని తేల్చాడు. రక్తపింజరకు ఇంగ్లిషులో అతని పేరే పెట్టారు. ఆ కుక్కల మీద చేసిన పనిని నేడు ఎవరమూ సమర్థించం, అయినా అవి చెప్పిన నిజాన్ని రెండు వందల ఏళ్ల తర్వాత కూడా మనం చెవిన పెట్టుకోకపోవడం మరీ అన్యాయం.

ఇంట్లో ఉన్న మనుషుల నొప్పి మాత్రలను వేయవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కుక్కలకు మామూలు రోజుల్లోనే కడుపులో పుండ్లు, మూత్రపిండాల దెబ్బ తెస్తాయి. రక్తపింజర విషం చేసే పని కూడా అదే కనుక రెండూ తోడైతే కుక్క కోలుకోవడం కష్టం. అలాగే దారిలో ఎవరి చేతనైనా కండలోకి ఇంజెక్షన్ చేయించకండి. గడ్డకట్టని రక్తం ఆ సూదిపోటు చుట్టూ చేరి పెద్ద బుడిపెగా ఉబ్బుతుంది.

పర్లాకిమిడా, పార్వతీపురమా అన్నది రాష్ట్రాన్ని బట్టి కాక, ఆ రాత్రి మందు ఎక్కడ ఉందో దాన్ని బట్టి తేలాలి. సరిహద్దు ఊళ్లలో ఒక తికమక ఉంది. పశువుల ఆసుపత్రిలో డాక్టరు ఉంటారు, విరుగుడు సీసా ఉండకపోవచ్చు. మందుల షాపులో సీసా ఉంటుంది, ఎక్కించేవారు ఉండరు. ప్రభుత్వ ఆసుపత్రిలో నిల్వ ఉన్న సీసాలు మనుషుల కోసం ఉంచినవి, వాటి కోసం అక్కడ వాదన పెట్టుకోవడం సబబు కాదు. అందువల్ల వానలు మొదలవకముందే ఒక పూట వీలు చేసుకుని, రెండు పట్టణాల్లోనూ రాత్రిపూట పలికే పశువైద్యులెవరో, సీసాలు దొరికే ప్రైవేటు షాపులేవో కనుక్కుని, ఆ నంబర్లను గోడ మీద రాసిపెట్టుకోండి. కాటు పడిన రాత్రి ఒకరు కుక్కతో బయలుదేరుతూనే మరొకరు ఫోను చేయాలి. డాక్టరు చీటీ రాసి ఫోనులో పంపితే, కుక్క చేరేలోగా సీసాలను తెచ్చి ఉంచవచ్చు. 1962 నంబరుకు చేస్తే పశువుల సంచార వైద్య వాహనం సాయం దొరుకుతుంది. పగటి వేళ అది ఎంతో మేలు చేస్తుంది గానీ, రాత్రిపూట వాహనం వస్తుందని ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చోవద్దు. సీసాలను మీరే కొని ఇంట్లో పొడిచే ఆలోచన పెట్టుకోకండి, కారణం కింద చెబుతాను.

పామును వెతికి చంపాల్సిన పని లేదు. తెగిన తల కూడా కొంతసేపు కరవగలదు, పైగా వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం చంపడం నేరం. దూరం నుంచి ఫోనులో ఒక ఫోటో దొరికితే చాలు, దొరక్కపోయినా లక్షణాలను బట్టే వైద్యం సాగుతుంది. ఒడియా డాక్టరుతో ఫోనులో మాట్లాడేటప్పుడు నాగుపామును గోఖర అనీ, కట్లపామును చితి అనీ, రక్తపింజరను బోడా అనీ చెబితే వెంటనే అర్థమవుతుంది. కాటు పడిన సమయం, కుక్క బరువు, మీరు అప్పటికే ఇచ్చిన మందులు, పసరుతో సహా, దాచకుండా చెప్పండి.

ఆసుపత్రిలో డాక్టరు కొంచెం రక్తం తీసి శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. అప్పటికీ గడ్డకట్టకపోతే రక్తపింజర జాతి విషం ఒంట్లో పనిచేస్తున్నట్లు. పెద్ద యంత్రాలు లేని పల్లె ఆసుపత్రిలో కూడా జరిగే పరీక్ష ఇది, చేయకపోతే చేయమని అడగండి. పొడి రూపంలో ఉండే విరుగుడును ఒక్కో సీసాకు 10 మిల్లీలీటర్ల శుద్ధ జలంలో కరిగించి, సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కిస్తారు. చిన్న కుక్కకు మందు తగ్గించరు గానీ దానితో పోయే నీటిని తగ్గించాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. గుర్రపు మాంసకృత్తులు పడక కొన్ని కుక్కలకు ముఖం ఉబ్బడం, దద్దుర్లు, వాంతి, ఉన్నట్టుండి కూలబడడం జరుగుతాయి. అప్పుడు అడ్రినలిన్ క్షణాల్లో అందాలి. ఇంట్లో పొడవవద్దన్నది అందుకే. మందు ఎక్కాక మళ్లీ రక్తపరీక్ష చేసి, గడ్డకట్టడం మొదలవకపోతే మరిన్ని సీసాలు ఇస్తారు. ఖర్చు వేలల్లోకి పోవచ్చు, ముందే మనసులో పెట్టుకోండి.

బతికిన కుక్క ఇంటికి వచ్చాక మూడు రోజులపాటు మూత్రాన్ని గమనించాలి. మూత్రం కాఫీ రంగులో పోసినా, రోజంతా పోయకపోయినా మూత్రపిండాలు దెబ్బతింటున్నట్లే, వెంటనే తిరిగి వెళ్లాలి. కాటు చుట్టూ చర్మం నల్లబడి ఊడిపోవచ్చు. అది మానడానికి వారాలు పడుతుంది, దానికి మీరు ఓపికతో కట్లు మార్చుకోవాలి.

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ. మా చిన్న కుక్క రాత్రి వాకిట్లో బాగానే పడుకుంది. తెల్లవారేసరికి వెనక కాళ్లు ఈడుస్తూ, రెప్పలు వాలిపోయి, నోట చొంగ కారుస్తూ కనిపించింది. ఒంటి మీద గాటు గానీ వాపు గానీ లేదు. ఏదో తిన్నదనుకుని మజ్జిగ పట్టాం. పాముకాటు అయితే వాపు ఉండాలి కదా? (ఒక పాఠకుడు, సిరోంచ)

జవాబు: వాపు ఉండనక్కరలేదు. కట్లపాము కాటుకు నొప్పి స్వల్పం, వాపు దాదాపు ఉండదు, కోరల గుర్తులు బొచ్చులో అసలే కనిపించవు. అది రాత్రిపూట తిరిగే పాము కాబట్టి, రాత్రి బాగున్న కుక్క పొద్దున కాళ్లు ఈడుస్తుంటే మొదట అనుమానించవలసింది దాన్నే. మరాఠీ డాక్టరుతో మాట్లాడేటప్పుడు మణ్యార్ అనండి. నాగుపామును వారు నాగ్ అనీ, రక్తపింజరను ఘోణస్ అనీ, చిన్న పింజరను ఫుర్సే అనీ అంటారు. విషపదార్థం తినడం వల్లా, మరికొన్ని జబ్బుల వల్లా ఇలాంటి లక్షణాలు రావచ్చు గనుక తేల్చవలసింది డాక్టరే, కానీ తేలేదాకా ఇంట్లో ఉంచే జబ్బు ఇది కాదు. రేబిస్‌లో కూడా చొంగ, కాళ్ల పక్షవాతం ఉంటాయి కాబట్టి, టీకా వేయని కుక్క నోట్లో చేయి పెట్టకండి, చొంగ ఒంటికి తగలనివ్వకండి.

కట్లపాము, నాగుపాముల విషం నరాల నుంచి కండరాలకు పోయే ఆదేశాన్ని ఆపేస్తుంది. మొదట రెప్పలు వాలుతాయి, మొరుగు గొంతు మారుతుంది, కాళ్లు పడిపోతాయి, చివరకు ఊపిరి కండరాలు ఆగుతాయి. ఈ దశలో మజ్జిగ పట్టడం ప్రమాదం. నాగుపాము కాటుకు విరుగుడుతోపాటు నియోస్టిగ్మిన్, అట్రోపిన్ ఇస్తే త్వరగా మేలు కనిపిస్తుంది, కట్లపాము కాటులో ఆ ఫలితం అంతగా ఉండదు, ఊపిరి అందించడమే ముఖ్యం. కదలక పడి ఉన్నంత మాత్రాన కుక్క చనిపోయిందనుకోకండి. దాని మెదడు పనిచేస్తూనే ఉండవచ్చు. టీకాలు సక్రమంగా వేసిన కుక్క అయి, ఎడమ మోచేయి వెనక పక్కటెముకల మీద చేయి వేస్తే గుండె కొట్టుకుంటూ ఉంటే, దారిలో మెడను తిన్నగా చాపి, నోరు మూసి పట్టుకుని, ముక్కు మీద పలుచటి గుడ్డ వేసి, ఛాతీ కాస్త పైకి లేచేంత మేరకే ముక్కులోకి ఊదండి. నిమిషానికి 10 సార్లు చాలు. చిన్న కుక్క ఊపిరితిత్తులు చిన్నవి, బలంగా ఊదితే చెడిపోతాయి. ఆసుపత్రిలో గొట్టం వేసి గాలి సంచితో గంటల తరబడి ఊపిరి అందిస్తే లేచి తిరిగిన కుక్కలున్నాయి. సిరోంచ నుంచి గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, ప్రాణహిత దాటితే మంచిర్యాల దారి. ఊపిరి అందించే ఏర్పాటు ఎవరి దగ్గర ఉందో ముందే కనుక్కోండి.

పాము కరిచిందన్న అనుమానం ఉండి లక్షణాలేవీ లేకపోతే 24 గంటలు కనిపెట్టుకుని ఉండాలి, అది కూడా వీలైతే ఆసుపత్రిలోనే. కట్లపాము విషం కొన్నిసార్లు చాలా గంటల తర్వాతే బయటపడుతుంది. ఒక మాట గుర్తుంచుకోండి, చారలున్న పాములన్నీ కట్లపాములు కావు. కట్లపాము చారలు తల దగ్గర మసకగా ఉండి వెనక్కి పోయేకొద్దీ స్పష్టమవుతాయి. దాన్ని పోలిన విషం లేని పాముకు చారలు తల వైపే స్పష్టంగా ఉంటాయి. అయితే ఈ తేడాను చీకట్లో, భయంలో చూసి నిర్ణయం తీసుకోవడం ఎవరికీ సాధ్యం కాదు, ఫోటో ఉంటే డాక్టరుకు చూపండి.

ప్రశ్న: కుక్కకు పాముకాటు టీకా ఉందా? ఇంటి చుట్టూ వెల్లుల్లి నీళ్లు, ఫినాయిల్ చల్లితే పాములు రావంటారు, నిజమేనా? (ఒక పాఠకుడు, పర్లాకిమిడి)

జవాబు: మన దేశంలో అలాంటి టీకా లేదు. ఒకసారి కరిచి బతికిన కుక్కకు రక్షణ వచ్చిందనుకోవడం కూడా తప్పే. వెల్లుల్లి వాసనకు పాము వెనుదిరగదు. ఫినాయిల్, కార్బాలిక్ పొడి పాము కంటే ముందు మీ కుక్క పాదాలను, నాలుకను కాలుస్తాయి. పాము వచ్చేది ఎలుక కోసం, కప్ప కోసం. రాత్రి కుక్క గిన్నెలో మిగిలిన అన్నం ఎలుకలను పిలుస్తుంది కాబట్టి చీకటి పడకముందే గిన్నె కడిగేయండి. కట్టెలు, పెంకులు, కొబ్బరి మట్టలు గోడకు ఆనించకుండా, నేలకు అడుగు ఎత్తున బల్ల మీద పేర్చండి. వరికోతలప్పుడు, వానాకాలంలో చీకటి పడ్డాక కుక్కను గొలుసుతో, చేతిలో టార్చితో మాత్రమే బయటికి తిప్పండి. రాత్రి దాన్ని ఇంటిలోపలే పడుకోబెట్టి, తలుపు కింద సందును గోనెపట్టాతోనో, చెక్కతోనో మూసేయండి.